లోపల ఇంకా ఒకరున్నారు

ఆ లైబ్రరీలో కింది గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక ఆ మెట్లవైపు తలతిప్పి చూసే మొనగాడు అక్కడ ఒక్కడూ లేడు.

పాత పేపర్లు దాచిన గది అది. కిటికీ లేదు. దిగి తలుపేసుకుంటే పగలో రాత్రో తెలియదు. అందులోంచి తడి కాగితం తిప్పుతున్న చప్పుడు విన్నానని వాచ్‌మన్ ఒట్టేసి చెబుతాడు. అటెండరు అంతటితో ఊరుకోడు... ఆడమనిషి గొంతే విన్నానంటాడు. ఆ గొంతు ఏమందని అడిగితే రోజుకో మాట చెబుతాడు. అయినా సరే, చీకటిపడ్డాక అటు వెళ్లమంటే ఇద్దరికీ ఒక్కసారే కడుపునొప్పి వస్తుంది.

అందరూ గొంతు తగ్గించి చెప్పుకునేది ఒకటే – లోపల పెట్టెలమ్మ ఉంది.

పెట్టెలమ్మ ఆ లైబ్రరీలో కంప్యూటర్ల పని చూసిన మనిషి. పేకముక్కంత పలక మీద మొత్తం కంప్యూటరు ఇమిడిపోయే రకం ఒకటుంటుంది. సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటారు. ఓ మంచి చెప్పుల జత కొనే డబ్బుకి వస్తుంది. ఆవిడ వాటిని తెప్పించి, బిస్కెట్ డబ్బాల్లో, సబ్బుపెట్టెల్లో బిగించేది. మూలనపడ్డ మానిటర్లకి తగిలిస్తే ఏ పుస్తకం ఏ అరలో ఉందో చూపించేవి. పిల్లల విభాగంలో మీట నొక్కితే కథ చెప్పే పెట్టె ఒకటుండేది. మాట్లాడే పెట్టెలన్నిట్లోనూ గొంతు ఆవిడదే.

కింది గది గుమ్మం పైన బిగించిన పెట్టె మాత్రం ఆవిడకి కన్నబిడ్డతో సమానం. గదిలో తడి పెరిగితే అది వాచ్‌మన్ గదిలో గంట మోగించేది. గుమ్మం దాటి ఎందరు లోపలికెళ్లారో, ఎందరు బయటికొచ్చారో లెక్కపెట్టి, లెక్క మారినప్పుడల్లా పైకి చెప్పేది. ఎందుకంటే, అంతకుముందు ఓసారి రిటైరైన టీచరొకాయన పేపర్లలో మునిగిపోయి ఉంటే, చూడకుండా తాళం వేసేశారు. పాపం, తెల్లారేదాకా ఆ చీకట్లోనే కూర్చున్నాడు. అప్పట్నుంచి ఆవిడ రోజూ గుమ్మం బయట బిగించిన మీట నొక్కేది. "లోపల ఎవరూ లేరు" అని పెట్టె చెప్పాకే తాళం వేసి ఇంటికి కదిలేది.

పెద్దసారుకి, అంటే ఆ లైబ్రరీకి అధికారి అయిన పెద్దమనిషికి, ఈ పెట్టెల్ని చూస్తే ఒళ్లుమంట. పిల్లలాడుకునే బొమ్మలనేవాడు. కారణం పెద్దదేం కాదు. వచ్చినవాళ్లు పెట్టెల్ని మెచ్చుకుని వెళ్లేవారు, ఆయన్ని మర్చిపోయేవారు.

ఓ శుక్రవారం రాత్రి కింది గది గోడలో నీళ్ల పైపు పగిలింది. గంట మోగలేదు. తెల్లారేసరికి తాతలనాటి పేపర్లన్నీ ముద్దయిపోయాయి.

పెట్టె మధ్యాహ్నం నుంచే చచ్చి పడుందని, ఆవిడ చూసుకోలేదని, చవక సరుకు నెత్తికెక్కించుకుంటే ఇంతేనని విచారణలో పెద్దసారు చెప్పాడు. తను వెళ్లేటప్పుడు అది నిక్షేపంలా పలికిందని, లోపల ఎవరూ లేరని చెప్పాకే తాళం వేశానని ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంది. నమ్మినవాళ్లు లేరు. ఉద్యోగం పోయింది, పరువు పోయింది. ఆ మచ్చతో ఇంకెవరూ పని ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా మంచం పట్టి, మళ్లీ లేవలేదు. ఒక బతుకుని అంత తేలిగ్గా తుడిచిపారేశారు.

ఆపైన పెద్దసారు ఇంకో ఘనకార్యం చేశాడు. షాక్ కొడుతుందన్న వంకతో కింది గదికి కరెంటు పూర్తిగా ఆపించాడు. ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే కొట్టిపారేసేవాడు కాదు. "ఏమో మరి... నాకూ ఓసారి అనుమానం వచ్చింది" అని మెల్లగా ఓ మాట వదిలేవాడు. ఆ దెయ్యానికి పాలుపోసి పెంచింది ఆయనే.

రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి. అప్పుడొచ్చింది పెద్దాఫీసు నుంచి కబురు.

ఇకమీదట అన్ని లైబ్రరీల్లోనూ చవక బోర్డులతో పనులు చేయిస్తారట. ఇప్పటికే చేసి చూపించినవాళ్లు ఎవరైనా ఉంటే, పథకం మొత్తం వాళ్ల చేతికే అప్పగిస్తారట. పెద్దసారు ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఈ పని మా దగ్గర నా చేతుల మీదుగా ఎప్పుడో మొదలైందని రాసి పంపేశాడు. చూడటానికి వస్తున్నాం అని వాళ్లు జవాబిచ్చారు. అక్కడ పడింది చిక్కు. పైనున్న పెట్టెలన్నిట్నీ ఆయన ఎప్పుడో పాతసామాన్లవాడికి తోలేశాడు.

"కిందది ఇంకా ఉంది కదా సార్," అని గుర్తుచేసింది పిల్లల విభాగం చూసే మేడమ్. "కరెంటిస్తే పలుకుతుందేమో."

ఈ మేడమ్ ఎవరో కాదు, పెట్టెలమ్మ భర్తకి సొంత అక్క. మరదలికి అంత అన్యాయం చేసిన మనిషి కిందే ఇంకా పనిచేస్తూ, ఆయన ఏం చెప్పినా "అలాగే సార్" అనేది. సిగ్గూ పౌరుషం లేని మనిషని వెనకాల అనుకునేవారు. ఆ మాటలు ఆవిడ చెవిన పడేవి. విని ఊరుకునేది.

పెద్దసారు లెక్కలు వేసుకున్నాడు. ఫోన్ ఎన్నాళ్లు ఆపి పడేసినా, వెలిగిస్తే ఆ రోజు తారీఖే చూపిస్తుంది. ఇదీ అంతే కదా. ఊడబెరికి, దుమ్ము తుడిచి, రేపు బల్లమీద పెట్టి నాదంటే కాదనేవాడెవడు... అడగడానికి పెట్టెలమ్మ లేదు.

పాఠకులంతా వెళ్లిపోయారు. వాచ్‌మన్‌కీ అటెండరుకీ ఎప్పట్లాగే కడుపునొప్పి వచ్చింది. చేసేది లేక ఆయనే టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్లు దిగాడు. మేడమ్ పైన మెయిన్ స్విచ్ దగ్గర నిలబడింది.

మెట్టు మెట్టుకీ బూజు వాసన చిక్కబడింది. తాళం తుప్పుపట్టి మొరాయించింది. భుజం ఆనించి తోస్తే తలుపు మూలిగింది. లోపల చిమ్మచీకటి.

"వెయ్యండమ్మా," అని పైకి కేకేశాడు.

ఎక్కడో టక్కుమంది. గదిలో దీపం వెలగలేదు. గుమ్మం పైన మాత్రం చీమతలంత ఎర్రచుక్క ఒకటి వెలిగింది... కాసేపు మినుకుమంది... నిలిచింది.

చిన్న గరగర. ఆ తర్వాత గొంతు.

"నమస్కారం."

ఆ గొంతు ఆయనకి తెలుసు. విచారణ గదిలో ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. ఇప్పుడు మాత్రం తేటగా, ఏమీ జరగనట్టే ఉంది.

"ఈరోజు శుక్రవారం. రాత్రి ఎనిమిది దాటింది."

ఆరోజు మంగళవారం.

"లోపల... ఒకరున్నారు."

ఆయన గుమ్మం బయటే ఉన్నాడు. ఇంకా కాలు లోపల పెట్టలేదు.

టార్చి వేసి చూశాడు. ఇనప ర్యాకులు. ఎండి ఇటుకల్లా బిగుసుకుపోయిన పేపరు కట్టలు. మూలన విరిగిన కుర్చీ. మనిషన్నవాడు లేడు. పాడైపోయింది, అంతే, అని పైకే అనుకున్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పెట్టె లోపలివైపు బిగించి ఉంది, తీయాలంటే గుమ్మం దాటాలి. గుండె దిటవు చేసుకుని దాటాడు.

"లోపల ఇద్దరున్నారు."

పెట్టె మీదికి ఎత్తిన స్క్రూడ్రైవరు దించేశాడు.

ఇద్దరు... తను ఒకడు. రెండో మనిషి?

వెనక్కి తిరగాలంటే భయం. తిరక్కపోతే అంతకన్నా భయం. టార్చి వెలుగు గోడ వెంట జారి తలుపు పక్కనున్న ప్లగ్గు మీద ఆగింది. దాన్ని చూడగానే రెండేళ్లుగా అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

ఆ శుక్రవారం ఉక్కపోత. కింది గది చల్లగా ఉంటుందని తన దగ్గరున్న తాళంచెవితో తెరుచుకుని వచ్చి కూర్చున్నాడు. ఫోన్లో మ్యాచ్ మంచి రసపట్టులో ఉండగా చార్జింగ్ అయిపోవచ్చింది. గదికంతటికీ ఉన్నది ఒకే ప్లగ్గు. పెట్టెది లాగేసి తన చార్జరు పెట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యాక చార్జరు తీసుకుని, తాళం వేసుకుని, ఈలవేసుకుంటూ వెళ్లిపోయాడు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి నీళ్లు చూశాడు. ఎవరూ రాకముందే మోకాలిలోతు నీళ్లలో నడిచి, వేలాడుతున్న పెట్టె ప్లగ్గు మళ్లీ దాని చోట గుచ్చేశాడు. నీళ్లకి కరెంటు అప్పటికే పోయింది కాబట్టి పెట్టె నోరు మెదపలేదు.

ఈ సంగతి ఆయన పెళ్లానికి కూడా తెలియదు. తెలిసింది ఒక్క ఈ గదికే.

"అమ్మా..." అన్నాడు చీకట్లోకి. "నేను కావాలని..."

వెనక ఏదో పొడిగా చప్పుడైంది. కాగితమో, ఎలకో, ఇంకేదో. టార్చి పడేసి ఆయన ఒక్క దూకులో గుమ్మం బయటపడ్డాడు.

వెనకనుంచి ఆ గొంతు తాపీగా చెప్పింది. "లోపల ఒకరున్నారు."

మెట్ల మీద ఎవరికో గుద్దుకున్నాడు. మేడమ్. చేతిలో చిన్న లైటు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు.

"లోపల... ఎవరో ఉన్నారు," అన్నాడు.

"ఉన్నారు సార్."

"మీ మరదలు..."

"మా మరదలు పోయింది సార్. నా చేతుల్లోనే పోయింది." గొంతు పెంచలేదు. "పోయేముందు ఒకే ఒక్క మాట అడిగింది. వదినా, ఆ పెట్టెకి ఒక్కసారి కరెంటిప్పించు, నేను చెబితే నమ్మలేదు, అది చెబితే నమ్ముతారు అంది. మీరేమో మెయిన్ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. అందుకే మీ అంతట మీరు వెయ్యమనేదాకా కూర్చున్నాను."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మేడమ్ చిన్నపిల్లలకి కథ చెప్పినంత ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఫోన్లో గడియారం నడవడానికి లోపల బ్యాటరీ ఉంటుంది. ఈ చవక పలకకి ఉండదు. నెట్ ఉంటే టైమెంతో అడిగి తెలుసుకుంటుంది, ఆ వైరు ఎప్పుడో నీళ్లకి కుళ్లిపోయింది. అందుకని ప్లగ్గు పీకిన క్షణంలో ఎక్కడ ఆగిందో, మళ్లీ లేచినప్పుడు అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. దానికి ఇంకా ఆ శుక్రవారమే. కరెంటు పోతుంటుందని లెక్క కూడా ఎప్పటికప్పుడు దాచుకునేలా మరదలు దానికి నేర్పింది.

"మధ్యాహ్నమే చచ్చిపోయిన పెట్టెకి రాత్రి ఎనిమిదని ఎలా తెలుసు సార్?"

ఆయన పక్కనుంచి పైకి జారుకోబోయాడు, ఆవిడ దారివ్వలేదు.

"ఏడింటికే మా మరదలు తాళం వేసి నాతో ఇంటికొచ్చేసింది. రెండో తాళంచెవి మీ దగ్గరుంది. అంతలో ఒకరు లోపలికెళ్లారు. అది లెక్కపెట్టింది. తర్వాత ప్లగ్గు పీకేశారు. ఆ వెళ్లినాయన బయటికి రావడం దానికి తెలియదు."

మెట్ల పైన ఎవరో దగ్గారు. వాచ్‌మన్, అటెండరు... ఇద్దరి కడుపునొప్పీ తగ్గిపోయినట్టుంది. తొంగిచూస్తూ ప్రతి మాటా వింటున్నారు.

ఆపేయమని ఆయన బతిమాలాడు. ఎంత కావాలన్నా ఇస్తానన్నాడు. మేడమ్ స్విచ్‌గది తాళంచెవి చూపించి కొంగున ముడేసుకుంది. గుమ్మం దాకా దిగి, మరదలు రోజూ నొక్కిన మీట నొక్కింది.

"లోపల ఒకరున్నారు."

ఆ గొంతు వినగానే మేడమ్‌కి కళ్లనిండా నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు. పెద్దసారు వైపు తిరిగింది.

"విన్నారుగా. రెండేళ్లుగా ఈ గదిలో ఉన్నది మా పిల్ల కాదు సార్. మీరే."

ఆయన మెట్ల మీదే ఉండగా, ఖాళీ గది తలుపు దగ్గరికి లాగింది. తాళం వేసింది.

"పొద్దున పెద్దాఫీసువాళ్లు వచ్చి ఈ మీట నొక్కేదాకా లోపలే ఉండండి."