చెత్త మంత్రిగారి నిషేధం

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కాస్త నడుం వాల్చారు. చిటికె మాత్రం వంటింటి గచ్చు మీద పాత పేపరు పరిచి, చెత్తబుట్టను దాని మీద బోర్లించింది.

ఏ పనైనా చిటికెలో చేసేస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని చిటికె అనే పిలుస్తారు. ఆలోచించడం కూడా చిటికెలోనే అయిపోతుంది. చిక్కంతా అక్కడే.

"ఛీ, ఇదేం పనే?" అన్నాడు మంచినీళ్ల కోసం వచ్చిన అన్నయ్య, ముక్కు మూసుకుని.

"తనిఖీ చేస్తున్నా. నేను చెత్త మంత్రిని."

"చూస్తేనే తెలుస్తోందిలే."

ఆ ఇంట్లో అదొక పద్ధతి. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని శాఖలు పంచుకుంటారు. ఒకరికి నీళ్లు, ఒకరికి కరెంటు, ఒకరికి చెత్త. నెలాఖరుకు ఎవరి శాఖలో వృథా బాగా తగ్గితే, వాళ్లు చెప్పిన చోటికి అందరూ షికారు వెళ్లాలి.

ఈ నెల అన్నయ్య నీళ్ల మంత్రి. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం నడిపే నాన్నది కరెంటు శాఖ. అమ్మ ప్రధానమంత్రి. ఆమె పదవి ఏ నెలా మారదు. తాతయ్య ఏ శాఖా తీసుకోడు. "నేను ప్రతిపక్షం. కూర్చుని మీ తప్పులు పడతాను," అంటాడు.

పోయిన నెల చెత్త శాఖ అన్నయ్యది. తొక్కలూ తొడిమలూ ఎరువు కుండీలో వేసి, కాగితాలు విడిగా కట్టి, బుట్ట అడుగున గుప్పెడు చెత్త మాత్రం మిగిల్చి గెలిచాడు. షికారు పేరు చెప్పి అందర్నీ పాత రైళ్ల మ్యూజియానికి లాక్కెళ్లాడు. చిటికెకు సరస్సులో పడవ ఎక్కాలని ఉంది. అన్నయ్య చెత్త కన్నా తన చెత్త తక్కువ ఉంటేనే పడవ.

పేపరు మీద పోగు పడిన వాటిలో ఆమెకు చీలిపోయిన ప్లాస్టిక్ స్ట్రా ఒకటి కనిపించింది. పచ్చ గీతలది. అది తాతయ్యది.

తాతయ్య ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత స్క్రూలను పట్టుకారుతో పట్టి బిగించిన చేతులవి. ఇప్పుడు అవే చేతులు వణుకుతున్నాయి. గ్లాసు ఎత్తితే సగం నీళ్లు చొక్కా మీదే. అందుకని అమ్మ మెడ వంగే స్ట్రాల ప్యాకెట్ తెచ్చిపెట్టింది. గ్లాసు బల్ల మీదే ఉంటుంది, తాతయ్యే కాస్త వంగి తాగుతాడు. ఒక్కో స్ట్రాను కడుక్కుంటూ అది చీలేదాకా వాడతాడు.

మొన్ననే టీచరు క్లాసులో అడిగారు. "స్ట్రా లేకపోతే నీళ్లు గొంతు దిగవా? దేవుడు పెదాలు ఎందుకిచ్చాడు?" అందరూ నవ్వారు. చిటికె అందరికన్నా గట్టిగా నవ్వింది.

"ఇవాళ్టి నుంచి మన ఇంట్లో స్ట్రాలు నిషేధం," అని చీలిన స్ట్రాతో చెప్పింది.

అలమరలో ఉన్న ప్యాకెట్ తీసుకుని వీధి మూల జూస్ దుకాణానికి పరిగెత్తింది.

"ఇవి మా ఇంట్లో నిషేధం అంకుల్. మీరు వాడుకోండి."

జూస్ అంకుల్ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరు నిషేధించినవి నాకెందుకమ్మా?"

"మీది మా ఇల్లు కాదు కదా."

అంతటి తర్కానికి ఆయన నవ్వేసి ప్యాకెట్ పుచ్చుకున్నాడు.

పుట్టినరోజుకు స్నేహితురాలిచ్చిన స్టీలు స్ట్రా చిటికె దగ్గర ఉంది. దాన్ని తీసుకెళ్లి తాతయ్య గ్లాసులో వేసింది. తాతయ్య వంగాడు. వణికే చెయ్యి తగిలి స్ట్రా కదిలింది, పన్నుకు టక్కున కొట్టుకుంది.

"ఎలా ఉంది తాతయ్యా?"

తాతయ్య నాలుకతో పన్ను తడుముకున్నాడు. "బ్రహ్మాండం మంత్రిగారూ. గట్టి సరుకు."

సాయంత్రం అమ్మ అలమర వెతికింది. "స్ట్రాలేవే?" అంది. చిటికె తన నిషేధం గురించి గర్వంగా చెప్పింది. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. తాతయ్య దగ్గరికి వెళ్లి, "ఈ స్టీలు స్ట్రాతో మీకు ఇబ్బందిగా లేదా మావయ్యా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. అలవాటైపోతుంది. పిల్లనేమీ అనకు," అన్నాడు తాతయ్య.

ఆ తర్వాత చెత్తబుట్ట రోజురోజుకీ తేలికైంది. తాతయ్య గదిలోంచి గ్లాసులు ఖాళీగా వస్తున్నాయి. చిటికె అప్పుడే పడవలో ఏ వైపు కూర్చోవాలో తేల్చుకుంది.

ఒక రోజు అన్నయ్య తాతయ్య గదిలోంచి విసురుగా వచ్చాడు. "కిటికీలో మొక్కకు ఎవరు నీళ్లు పోస్తున్నారు? ఆకులన్నీ పసుపెక్కాయి. కింద పళ్లెం నిండిపోయింది. నేను కొలిచి పోస్తున్నానా లేదా?"

"నన్నెందుకు చూస్తావ్?" అంది చిటికె.

"ఇంట్లో తొందరపాటు పని ఏదైనా జరిగితే ఇంకెవర్ని చూడాలి?"

"నా శాఖ నాకుంది. నీ మొక్కతో నాకేం పని?"

వాళ్ల వాదన వింటూ తాతయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రతిపక్షం ఆ రోజు ఎవరి తప్పూ పట్టలేదు.

మరుసటి ఆదివారం అందరూ ఇంట్లోనే ఉన్నారు. కుర్చీలోంచి లేవబోయిన తాతయ్య ఒక్కసారిగా తూలాడు. గోడ పట్టుకోబోయి జారి, కింద కూలబడ్డాడు. నాన్న, అన్నయ్య కలిసి మంచం మీద పడుకోబెట్టారు. తాతయ్య పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. పిలిస్తే పలుకుతున్నాడు కానీ మాట ముద్దగా వస్తోంది. చిటికె తలుపు పక్కన నిలబడిపోయింది. ఆమెకు చాలా భయం వేసింది.

పక్క వీధి డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది, నాలుక చూసింది, చేతి మీద చర్మం పట్టి వదిలింది.

"ఒంట్లో నీళ్లు లేవు. ఈయన నీళ్లు తాగుతున్నారా?"

"తాగుతున్నారండీ," అంది అమ్మ. "గ్లాసులు నేనే తీస్తాను. అన్నీ ఖాళీగానే ఉంటాయి."

"మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి?"

చిటికె కళ్లు కిటికీ వైపు వెళ్లాయి. పసుపెక్కిన ఆకులు, నిండిన పళ్లెం. మంచానికి, కిటికీకి మధ్య దూరం చెయ్యి చాపినంతే.

ఎవరూ తన వైపు చూడటం లేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా.

"మొక్కకు పోతున్నాయి," అంది చిటికె. "తాతయ్య ఆ స్టీలు స్ట్రాతో తాగలేకపోతున్నాడు. నీళ్లు మొక్కకు పోసేస్తున్నాడు. నా వల్లే."

తాతయ్య కళ్లు మూసుకున్నాడు. కాదని అనలేదు.

"నీళ్లలో కాస్త ఉప్పు, చక్కెర కలిపి కొద్దికొద్దిగా పట్టండి," అంది డాక్టరమ్మ. "సాయంత్రానికి తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యం చేయొద్దు."

అమ్మ చెంచాతో పట్టబోయింది. నీళ్లు గడ్డం మీదుగా మెడలోకి కారాయి. తాతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరైనా తాగిస్తే తాగడం ఆయనకు ఇష్టం ఉండదు.

చిటికె చెప్పులు కూడా వేసుకోకుండా జూస్ దుకాణానికి పరిగెత్తింది. అక్కడ చెత్త డబ్బా పొంగిపొర్లుతోంది. పైనంతా పచ్చ గీతల స్ట్రాలే. ఒక్కోటీ ఒక్క గ్లాసు జూస్‌కు వాడి పారేసినవి. తాతయ్య అయితే వాటిని ఎన్నాళ్లో వాడేవాడు. తాను తగ్గించాననుకున్న చెత్తంతా ఇక్కడ గుట్టగా పడి ఉంది.

"అంకుల్, నేనిచ్చినవి ఏమైనా మిగిలాయా? తాతయ్యకు బాగాలేదు."

ఆయన మరో మాట అడగలేదు. బల్ల కింద వెతికి, ప్యాకెట్ అడుగున మిగిలిన నాలుగైదు ఆమె చేతిలో పెట్టాడు. "పో, తొందరగా పో," అన్నాడు.

చిటికె వగరుస్తూ వచ్చి స్ట్రా కడిగి, మెడ వంచి, గ్లాసులో పెట్టింది. నాన్న తాతయ్యను లేపి కూర్చోబెట్టాడు. తాతయ్య తాగాడు. ఆగాడు. మళ్లీ తాగాడు. గ్లాసు సగమయ్యేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు.

పొద్దు వాలే వేళకు తాతయ్య మాట మామూలుగా వచ్చింది. ఆసుపత్రి అక్కర్లేదని అందరికీ ధైర్యం చిక్కింది. చిటికె మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు తాతయ్యా?"

"నువ్వంత సంబరంగా ఉంటివి." తాతయ్య తన చేతుల్ని చూసుకున్నాడు. "అయినా ఎన్నిసార్లు చెప్పుకోమంటావే? ఊళ్లోవాళ్ల గడియారాలన్నీ బాగుచేసినవాణ్ని, గ్లాసెడు నీళ్లు ఎత్తలేకపోతున్నానని."

చిటికెకు ఏడుపు ఆగలేదు. "నీకు స్ట్రా ఎందుకో నాకు తెలుసు. తెలిసీ తీసేశాను. నిన్ను ఒక్క మాట కూడా అడగలేదు."

"తప్పు నీ ఒక్కదానిదేనా? ప్రతిపక్షం కూడా నోరు మూసుకుని కూర్చుందిగా," అని తాతయ్య ఆమె తల నిమిరాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. చిటికె ఆ చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నెలాఖరున మంత్రివర్గం సమావేశమైంది. అన్నయ్య చెత్తబుట్టలోకి తొంగిచూసి నిట్టూర్చాడు. "స్ట్రాలు పక్కన పెట్టేస్తే దీని చెత్త పోయిన నెల నా చెత్త కన్నా తక్కువే. పడవే ఎక్కుదాంలే, నాకేం అభ్యంతరం లేదు."

అన్నయ్యకు అంత మంచితనం ఎప్పుడో కానీ రాదు. చిటికెకు పడవ కళ్ల ముందు కదిలింది కూడా.

"పక్కన పెట్టొద్దు," అంది. "స్ట్రాలు తాతయ్యకు కావాలి. అయినా అవి చెత్తే, ఉంచు. జూస్ దుకాణంలో పడ్డవి కూడా నా చెత్తలోనే కలుపు."

అలా కలిపేసరికి నాన్న గెలిచాడు. షికారు పాత సామాన్ల సంతకు. అన్నయ్య, చిటికె ఒకేసారి మూలిగారు.

కొత్త నెలలో చిటికెకు నీళ్ల శాఖ వచ్చింది.

ఒక రోజు బడి నుంచి వచ్చి సంచి దించుతుంటే వాష్‌బేసిన్ దగ్గర నీళ్ల చప్పుడు వినిపించింది. కుళాయి సన్నగా కారుతోంది. తాతయ్య చేతులు కడుక్కుని అప్పుడే గదిలోకి వెళ్లాడు. నిన్న కూడా అంతే జరిగింది.

"తాత..." అని అరవబోయి చిటికె నోరు మూసుకుంది. కుళాయి కట్టేసి, గదిలోకి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"తాతయ్యా, కుళాయి కట్టేటప్పుడు నీకేమైనా కష్టంగా ఉంటోందా?"

తాతయ్య వేళ్లు ముడిచి చూపించాడు.

"ఆ గుండ్రటి పిడి జారిపోతోందే. వేళ్లకు పట్టు చిక్కడం లేదు."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

చిటికె నాన్న దుకాణానికి వెళ్లింది. ఈసారి నడిచే వెళ్లింది, దారంతా ఆలోచించుకుంటూ. సాయంత్రం నాన్న పొడవాటి పిడి ఉన్న కుళాయి ఒకటి తెచ్చి బిగించాడు. అందరూ వాష్‌బేసిన్ చుట్టూ చేరారు. తాతయ్య మోచేత్తో పిడిని ఒక నెట్టు నెట్టాడు. నీళ్లు వచ్చాయి. ఇంకో నెట్టు నెట్టాడు. చుక్క కూడా కారకుండా ఆగిపోయాయి.

తాతయ్య మొహం వెలిగిపోయింది. "ఇంకొక్కసారి తిప్పి చూడనా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"నీళ్లు వృథా తాతయ్యా," అన్నాడు అన్నయ్య.

చిటికె ఒక మగ్గు తెచ్చి కుళాయి కింద పెట్టింది.

"తిప్పు తాతయ్యా," అంది నీళ్ల మంత్రి. "నీకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."