మరిడి మునుచూపు

తెల్లవారింది. ఏరు దాటించే పంటు ఇంకా కదల్లేదు. లంక జనం రేవు మెట్ల మీద కూచుని గోడకున్న పలక వైపు చూస్తున్నారు. పలక మీద పేర్లు ఒక్కొక్కటే పచ్చబడుతున్నాయి. రామన్న పచ్చ. నాగూరు సాయిబు పచ్చ. బుల్లియ్యమ్మ, ఆమె మేక, ఇంకా తిరుగుతున్నాయి.

"ఇంకా బుల్లియ్యమ్మ కాడే ఉందా? ఈలోపు ఈదుకుంటా ఎల్లి పాలు పోసి వచ్చేద్దును," అన్నాడు పాల కేన్లాయన.

"ఎల్లు. రేపు నీ పేరూ ఎక్కించేత్తారు పలక మీద," అంది టీలు పోసే ఆవిడ. "నాకు మంచిదే. ఇంకో టీ అమ్ముడవుద్ది."

అందరూ నవ్వారు. పలక మీది పేర్లన్నీ చచ్చిపోయినవాళ్లవి. అయినా నవ్వారు. రోజూ చూసేదానికి ఎంతని ఏడుస్తారు?

అప్పటికి ఆ లంకలో పంటు, నీటి మర, బడి గంట, అన్నీ మునుచూపుతోనే నడిచేవి. పనిముట్టు లోపల దాని బుద్ధిలా పనిచేసేదాన్ని అల్లిక అనేవారు. అల్లిక పని మనిషిది కాదు, అల్లికమరది. ఏం జరగాలో మనిషి ముందు నోటితో చెప్పాలి. అదే మునుచూపు. చెప్పింది ఇప్పుడున్న అల్లికతో జరగదని అద్దపుటేట్లో, అంటే ఏటిని చూపే గాజులో, కళ్ళారా చూడాలి. అప్పుడది ఎర్రబడుతుంది. ఎర్రబడనిదే మర కదలదు. ఎర్రబడ్డాక, పచ్చబడడానికి ఎంత కావాలో అంతే అల్లుతుంది. ఒక్క పోగు ఎక్కువ వెయ్యదు. ఆపైన సర్దుడు. ఏ మునుచూపూ పట్టుకోని పోగుల్ని తెంపేస్తుంది. చిక్కుపడ్డవాటిని విడదీస్తుంది. రెక్క పని రెక్కది, ఇంజను పని ఇంజనుది. ఒకటి చెడితే రెండోది చెడదు. పనిముట్లు అంత శుభ్రంగా ఎన్నడూ లేవు.

రోజూ పంటు కదిలేముందు పాత మునుచూపులన్నీ మళ్ళీ తిరగాలి. ఒకసారి జరిగిన చావు రెండోసారి జరగదని తేలాలి. తేలాకే తాడు విప్పుతారు.

రేవు పక్కన కొట్లో గది పొడవునా పరిచిన గాజే అద్దపుటేరు. అందులో గోదారి, పంటు, మనుషులు అచ్చం జరిగినట్టే కదులుతారు. దాన్ని చూసుకునేది సీతారత్నం. ఊరు ఆవిణ్ణి మేస్తిరమ్మ అంటుంది. పొద్దున్నే ఆవిడ పక్కన ఇంకో ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆమె ధనకొండ.

"వచ్చేసిందా మేస్తిరమ్మగారూ?"

"మేక దిగనీ. తర్వాత మీ అమ్మాయే."

ధనకొండ కొంగుతో మొహం తుడుచుకుంది. కూతురు వచ్చేముందు ప్రతిరోజూ తుడుచుకుంటుంది.

పంటు ఎక్కడానికీ దిగడానికీ దించే ఇనప రేకును రెక్క అంటారు. పాత రోజుల్లో రెక్క సగం లేచి ఓసారి ఆగేది. ఎందుకు ఆగేదో ఎవరికీ తెలియదు. లంక పిల్లలకు అదొక ఆట. బడి నుంచి వచ్చాక రెక్క అంచు పట్టుకుని వేలాడేవాళ్ళు. అది ఆగగానే ఒడ్డు మీదికి దూకేవాళ్ళు. వాళ్ళ అమ్మలూ అలాగే దూకారు. ధనకొండా దూకింది. రెక్క ఆగాలని మాత్రం ఎవరూ మునుచూపు చెప్పలేదు. ఆగేదే కదా, చెప్పడమెందుకు అనుకున్నారు. ఒక సర్దుడులో ఆ పోగు తెగింది. ఆ సాయంత్రం ధనకొండ కూతురు మరిడి వేలాడింది. రెక్క ఆగలేదు.

చావు జరిగితే మునుచూపు చెప్పాల్సింది పోగొట్టుకున్నవాళ్ళే. చనిపోయినవాళ్ళ పేరే దానికి పెడతారు. ధనకొండ చెప్పింది. ఎర్రబడే దాకా నిలబడి చూసింది. పక్కనే ఉన్న మొగుడు పోసిబాబు మధ్యలో లేచి బయటికెళ్ళిపోయాడు. తర్వాత మర అల్లింది. రెక్క సగంలో ఆగింది. మరిడి ఒడ్డు మీదికి దూకి, గౌను దులుపుకుని, సంచీ సర్దుకుని గట్టెక్కింది. పచ్చబడింది.

పోసిబాబు మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. కొబ్బరి పీచు పని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటాడు. "బతికినట్టు చూపిత్తే నేను చూళ్ళేనే," అంటాడు. ధనకొండ మాత్రం మానలేదు.

మేక దిగింది. గాజులో సాయంత్రపు ఎండ పడింది. రెక్క లేస్తోంది. అంచున మరిడి.

అప్పుడే బయట కేకలు వినపడ్డాయి.

"తప్పుకోండి! తప్పుకోండర్రా! మేస్తిరమ్మగారూ, తాడు విప్పించండి!"

గవరయ్యను మంచం మీద మోసుకొచ్చారు. గుండె పట్టుకుంది. మొహం చెమటతో తడిసి ఉంది. పక్కన పెళ్ళాం అచ్చియ్యమ్మ మంచం కోడు పట్టుకుని పరిగెత్తుతోంది. ఆస్పత్రి అవతలి ఒడ్డున ఉంది. పలక మీద ఇంకా సగం పేర్లు పచ్చబడలేదు.

మునుచూపుల్ని నడిమధ్యలో నిలిపే మేకు ఒకటుంది. దాన్ని లాగితే పంటు వెంటనే కదులుతుంది. సీతారత్నం చెయ్యి మేకు మీదికి వెళ్ళింది.

ధనకొండ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఒక్క రవ్వ ఆగండి. దాన్ని దిగనివ్వండి."

గాజులో మరిడి ఇంకా వేలాడుతోంది. రెక్క ఆగింది. మరిడి దూకింది. గౌను దులుపుకుంది. ధనకొండ చెయ్యి వదిలేసింది. సీతారత్నం మేకు లాగింది.

పంటు నడి ఏటికి చేరాక గవరయ్య పోయాడు. అవతలి రేవులో ఆస్పత్రి బండి దీపం కనిపిస్తూనే ఉంది.

గవరయ్య దినాలు అయ్యాయి. ఓ మధ్యాహ్నం సీతారత్నం ధనకొండ ఇంటికి వచ్చింది. వాకిట్లో పోసిబాబు పీచు మూటలు కడుతున్నాడు. ఆవిడ కూచోలేదు.

"అచ్చియ్యమ్మగారు రేపు మునుచూపు చెప్తారంట. జబ్బు మనిషి రేవుకొస్తే పంటు ఆగకూడదు అని."

"మంచిదే కదండీ," అంది ధనకొండ.

"మంచిదే. అది పచ్చబడాలంటే పేర్లన్నీ ఊపిరి తీసి వదిలేలోపు తిరిగిపోవాలి. ఇప్పుడున్నట్టు తిరగవు. మర సర్దేస్తాది."

"మరిడిని తీసేత్తారా?"

"తియ్యరు. రెక్క ఆగుతాది. ఏ పిల్లా పడదు. కానీ మొహం ఉండదమ్మా. మొహం, గౌను, నడక, అవన్నీ తిప్పడం మరకి భారం కదా. అవి ఉండాలని ఏ మునుచూపూ చెప్పలేదు."

"అయితే నేను చెప్తాను. మొహం ఉండాలని చెప్తాను."

"చెప్పొచ్చు. ముందు ఎర్రబడాలిగా. మొహం లేకపోతే ఎవరికి ఏం చెడిందో ఏట్లో చూపించాలి. ఏం చూపిత్తావు?"

సీతారత్నం చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ధనకొండ అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళింది. అచ్చియ్యమ్మ బియ్యం ఏరుతోంది. ధనకొండ పక్కన కూచుని తనూ ఒక గుప్పెడు ముందుకు లాక్కుంది.

"అత్తా, ఓ మాటడుగుతాను. కోప్పడకు."

"అడగడానికే వచ్చావని తెలుసు. రాళ్ళేరడానికి రాలేదుగా."

"ఆ మునుచూపు చెప్పకపోతే ఏం? మేకు ఉందిగా. ఈసారి ఎవరికైనా బాగోకపోతే మేస్తిరమ్మగారు లాగేత్తారు."

"ఆ రోజూ లాగింది. ఏమైంది?"

ధనకొండ తల వంచుకుంది. "నా పిల్ల మొహం పోద్దత్తా."

అచ్చియ్యమ్మ చేట కింద పెట్టింది.

"నీ పిల్ల రోజూ పొద్దున్నే దిగతంది. నేను చూశాను, నవ్వుకుంటా వస్తావు కొట్లోంచి. నాకు రోజూ వద్దే. మీ మావ అవతలి ఒడ్డు ఎక్కడం ఒక్కసారి చూత్తాను. ఒక్కసారి. ఆ తర్వాత ఆయన మొహం కూడా తీసేసుకోమను. నేనేమన్నా కాదంటన్నానా?"

ధనకొండ చేతిలో రాళ్ళు ఉన్నాయి. ఎక్కడ పడెయ్యాలో తోచక పిడికిట్లోనే పట్టుకుంది.

"తోడు రా," అంది అచ్చియ్యమ్మ. "ఎర్రబడేప్పుడు ఒక్కదాన్నీ నిలబళ్ళేను. నువ్వు చూసినదానివి."

మర్నాడు ఇద్దరూ కొట్లోకి వెళ్ళారు. అచ్చియ్యమ్మ గాజు ముందు నిలబడి మునుచూపు చెప్పింది. సీతారత్నం అద్దపుటేరు తిప్పింది. మంచం వచ్చింది. మోసేవాళ్ళు వచ్చారు. గవరయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. ధనకొండ అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుంది.

మేకు కూడా పంటు అల్లికలోదే. అందుకని గాజులో కొట్టు కనిపించింది. కొట్లో సీతారత్నం కనిపించింది. మేకు మీదికి వెళ్తున్న చెయ్యి కనిపించింది. ఆ చేతిని పట్టుకున్న ఇంకో చెయ్యి కనిపించింది. ఆ చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి.

అచ్చియ్యమ్మ తన చేతిలో ఉన్న చేతి వైపు చూసింది. గాజులు అవే.

నడి ఏట్లో గవరయ్య తల పక్కకు వాలింది. గాజు ఎర్రబడింది.

మర అల్లింది. గాజు మళ్ళీ తిరిగింది. మంచం రేవుకు రాకముందే తాడు ఊడింది. ఎవరి చెయ్యీ ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవరూ పట్టుకోలేదు. పంటు గోదారి దాటింది. అవతలి ఒడ్డున గవరయ్యను బండిలోకి ఎక్కించారు. ఆయన మెడ మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పచ్చబడింది.

"ఎక్కాడు," అంది అచ్చియ్యమ్మ.

సీతారత్నం ఏదో చెప్పబోయింది. అచ్చియ్యమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరక్కుండానే ఆగింది.

"నీ చోట నేనున్నా అలాగే పట్టుకుందునే, ధనకొండా. నాకు తెలుసు." కొంగు భుజం మీదికి లాక్కుంది. "అయినా మా గుమ్మం తొక్కకు."

వెళ్ళిపోయింది. వెనకాల సర్దుడు మొదలైంది. ఒక్కో పేరు దగ్గరా గాజు మసకబడి తేటబడుతోంది.

మర్నాడు పేర్లన్నీ ఒక్కసారే పచ్చబడ్డాయి. టీలావిడ నీళ్ళు మరిగేలోపే పంటు వెళ్ళిపోయింది. "మునుచూపు నా పొయ్యి మీద పడిందేంట్రా," అని ఖాళీ మెట్ల వైపు చూసి అంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

కొట్లో ధనకొండ ఉంది.

"తిరిగిపోయిందమ్మా," అంది సీతారత్నం.

"చూశాను. రెక్క అంచున మూటలాంటిది ఒకటి వేలాడింది. రెక్క ఆగాక ఒడ్డు మీద పడింది. అదేనా?"

"అదే."

"గట్టెక్కలేదు."

"ఎక్కక్కర్లేదు. ఒడ్డు మీద పడే దాకానే మునుచూపు."

ధనకొండ గాజు వైపు చూసింది. గాజులో ఇప్పుడు ఏమీ లేదు. పైకప్పు కనిపిస్తోంది.

"దానికి బరువు ఎంత పెట్టారు?"

"మరిడిదే. బరువు తియ్యలేదమ్మా. అది లేకపోతే వేలాడినట్టు రెక్కకి తెలీదు."

ధనకొండ తల ఊపి ఇంటికి వచ్చింది. వాకిట్లో పోసిబాబు పీచు మూట కడుతున్నాడు. ఆమె అతని చేతిలో మూట లాక్కుని రెండు చేతులతో పైకెత్తింది. చంకనేసుకుంది. దించింది. మూతి విప్పి రెండు పిడికిళ్ళు తీసి మళ్ళీ ఎత్తింది. మళ్ళీ కొంత కూరింది. మళ్ళీ ఎత్తింది.

"ఏం చేత్తన్నావే?" అన్నాడు పోసిబాబు.

"నువ్వు ఎత్తు. దాని బరువు నా చేతులకి తెలవట్లేదు."

అతను ఆమె మొహం చూశాడు. తర్వాత లేచి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మూటను ఎత్తుకుని భుజానికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"బరువెక్కువుంది," అన్నాడు.

ఆమె మూతి విప్పి ఒక పిడికెడు తీసింది.

"ఇంకా ఎక్కువే."

ఇంకో పిడికెడు తీసింది.