చిలుక తల తిప్పిన బొంత

రెండు వేల ఇరవై అయిదు, నవంబరు ఇరవై రెండు, శనివారం. శంషాబాద్‌లో ప్రేమావతి ఇంటి ముందుగదిలో ఆ సాయంత్రం హాజరైనవారు: ఇంటి యజమానురాలు ప్రేమావతి; విమానాశ్రయం పక్కనున్న గోదాములో పనిచేసే ఆమె తమ్ముడు వినోద్ కుమార్; బొంతలు కుట్టడంలో వారందరికీ గురువైన అనంతమ్మ; బుద్వేల్‌లో బట్టల దుకాణం నడిపే శిరీష; ప్రైవేట్ డిటెక్టివ్ రాఘవేందర్; ఆయన సహాయకురాలు సునీల. గది మధ్య మంచం మీద ఒక బొంత పరచి ఉంది. అందరూ దానిని నేరస్థుణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

ఆ ఉదయం ప్రేమావతి ఫోన్ చేసినప్పుడు ఎత్తినది సునీలే. "మేడం, సార్‌ను జర జల్ది తీసుకరండి. మా అనంతమ్మక్కను దొంగ అంటున్నరు" అన్న రెండు మాటలకు మించి ఆమె చెప్పలేకపోయింది.

మిగిలిన కథ ఇక్కడికి వచ్చాక తెలిసింది. ప్రేమావతి కొన్నేళ్ల క్రితం ఫోన్‌లో 'సూదిమల్లెలు' అనే గుంపు ప్రారంభించింది. ఊరూరా ఉన్న ఆడవాళ్లు ప్రతి శనివారం ఏడు గంటలకు వీడియోలో కలుసుకుంటారు. ఎవరి ఇంట్లో వారు కూర్చుని, పాత చీరల ముక్కలు అతుకుతూ, ఒకరి కుట్టు ఒకరికి చూపుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. వారిలో అందరికన్నా పెద్దది రావిర్యాల జంగమ్మ. తుంటి విరిగి దవాఖానలో ఉండి ఇటీవలే ఇల్లు చేరింది. ఆమెకు కప్పడానికి గుంపంతా కలిసి ఒక బొంత కుట్టింది. ఒక్కొక్కరు తాము రోజూ చూసే దృశ్యాన్ని ఒక గడిగా కుట్టి పంపారు. అనంతమ్మ వాటిని జత చేసి, అస్తరు వేసి, అంతటా చేతితో టాకాలు వేసింది.

ఆమె దగ్గర ఒక కట్టడి ఉంది. ఏ బొంతకైనా ఒక మూల తెరిచి ఉంచి, కప్పుకోబోయేవారి చేత ఆఖరి ముడి వేయించాలి. ఆ ముడి పడేవరకు ఫొటో తీయరాదు, దిష్టి తగులుతుంది. అందుకే రెండు వారాల క్రితం ఇదే గదిలో బొంతను ఒక్కసారి వీడియోలో అందరికీ చూపి, తెల్లగుడ్డలో మూటకట్టి బీరువాలో పెట్టారు. జంగమ్మకు పంపుదామని ఈ ఉదయం విప్పారు. అనంతమ్మ ఒక్కచూపు చూసి, "గిది నా బొంత కాదు" అని కేకపెట్టింది.

"వెనక్కి తిప్పి చూశాను సార్. అంతా మిషన్ కుట్టు" అంది శిరీష, అంచు పైకెత్తి చూపుతూ. "గుంపు నమ్మి ఇచ్చిన గడులు ఈవిడ ఏం చేసిందో గానీ, ఎవరో దర్జీతో కుట్టించి మనకు అంటగట్టింది. ఇప్పుడు పట్టుబడి, ఎవరో మార్చారంటోంది."

"అంటగట్టెతందుకు నేనేమన్న నీ లెక్క దుకాణం పెట్టిన్నా?" అంది అనంతమ్మ.

"ఏడు గంటలకు గుంపు కూడుతది సార్" అంది ప్రేమావతి. "అక్కను ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని అందరు కలిసి తేలుస్తరు. గంతలోపల్నే నిజం తెల్వాలె."

రాఘవేందర్ అనంతమ్మ వైపు తిరిగాడు. "మీది కాదని ఎలా చెప్పగలరు?"

"నా కుట్టు నాకు తెల్వదా బాపు? గదట్లుంచు. నా గడిల చిలుక కుట్టిన. గది కుడి దిక్కు చూస్తది. గీ చిలుక తల తిప్పుకొని ఎడమ దిక్కు చూస్తున్నది."

"చిలుక ఎటు చూసిందో ఎవరికి గుర్తుంటుంది!" శిరీష నవ్వింది. "ఫొటో కూడా లేదు. తీయొద్దన్నదీ ఈవిడే. ఎంత తెలివి!"

అనంతమ్మ ముఖం పాలిపోయింది. "జంగమ్మ నాకు అక్క అసుంటిది. ఆమె మీద కప్పే బొంతల నేను మోసం జేస్తనా? నాకున్న పేరు గీ కుట్టొక్కటే. గది గూడ పోతే ఇగ సూది ముట్ట."

సునీల మంచం దగ్గరకు వెళ్లి వంగింది. నకలని అనంతమ్మ అంటున్న ఆ బొంత కూడా తీసిపారేయదగినది కాదు. ఒక గడిలో మొక్కజొన్న చేను, ఒక గడిలో చెప్పుల దుకాణం, ఒక గడిలో గడప మీద కూర్చుని కుట్టుకుంటున్న స్త్రీ: కుడి భుజం మీదుగా పైట, ఎడమచేతిలో సూది, వంచిన మెడలో ఎంతో ఏకాగ్రత. నకలే ఇంత అందంగా ఉంటే అసలు ఎలా ఉండేదో అనుకుని ఆమె నిట్టూర్చింది.

రాఘవేందర్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. గొంతు పెంచడు, తొందరపడడు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఆయన వదిలే మౌనమే సగం పని చేస్తుందని సునీలకు తెలుసు.

"మీ గడి ఏది, ప్రేమావతి గారూ?"

"విమానం సార్."

"ఎటువైపు ఎగురుతున్నట్టు కుట్టారు?"

ప్రేమావతి తెల్లబోయింది. "యాదికి లేదు సార్. దినాం నెత్తిమీదికెళ్లి పోతనే ఉంటయి. ఎటన్న పోతయి, ఎవరు చూస్తరు?"

"గడప మీద కూర్చున్నామెను ఎవరు కుట్టారు?"

"తారాబాయి. ఆదిలాబాద్ల ఉంటది. అద్దం ముంగట కూసోని తననే తాను కుట్టుకున్నది."

"ఆవిడది ఎడమచేతివాటమా?"

"ఏమో సార్. ఎన్నడు ఎదురుంగ చూడలే."

రాఘవేందర్ తల ఊపి వినోద్ వైపు తిరిగాడు. "ఈ రెండు వారాల్లో బీరువా గదిలోకి ఎవరెవరు వెళ్లారు?"

"అందరం పోయినం సార్. బొంత పంపే పెట్టె కోసం కొలత తీసుకుందామని నేను పోయిన. అనంతమ్మక్క దారాలు తెచ్చి పెట్టింది. శిరీషక్క పైన చుట్టే జరీగుడ్డ తెచ్చింది. బీరువాకు తాళం గిట్ల ఏం లేదు. మూట ఎవరు విప్పలే. విప్పితే అనంతమ్మక్క చంపుతదని అందరికి భయం."

"బొంతను వీడియోలో చూపిన రోజు మీరు ఇక్కడే ఉన్నారా?"

"లేదు సార్, డ్యూటీ. గోదాముల కూసోని నా ఫోన్ల చూసిన. చప్పట్లు గూడ కొట్టిన. మా మేనేజర్ పరేషాన్ అయిండు."

"ఇక్కడ ఏ ఫోన్‌తో చూపారు?"

"నాదే" అంది శిరీష. "ప్రేమావతి ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. తనూ, అనంతమ్మా బొంత పట్టుకున్నారు. నేను ఫోన్ స్టాండుకు పెట్టి, గుంపువాళ్ల ముఖాలు మాకూ కనబడాలని ముందు కెమెరా వేశాను."

"ఆ ఫోన్ ఇంకెవరైనా తీసుకున్నారా? అప్పుడు గానీ, తరువాత గానీ?"

"నా ఫోన్ ఎవరికీ ఇవ్వను సార్. దుకాణం లావాదేవీలన్నీ అందులోనే ఉంటాయి." ఆమె గడియారం చూసుకుంది. "నేను త్వరగా వెళ్లాలి. రాత్రికి విమానం. విదేశంలో చేతిపనుల ప్రదర్శన ఉంది."

"శిరీషక్క పెద్ద పెట్టె తెచ్చింది సార్" అన్నాడు వినోద్ నవ్వుతూ. "కారు దగ్గర నేనే సర్దిన. గంత పెద్ద పెట్టె, దూదిపింజె లెక్క లేస్తున్నది. అక్కా, ఆడ గాలి అమ్ముతవా ఏంది?"

"నీకెందుకు? గోదాములో బరువులు మోసి మోసి నీకు ఏదైనా తేలికే" అంది శిరీష.

అందరూ నవ్వారు, రాఘవేందర్ తప్ప. ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి నిలుచున్నాడు. ఇంటి పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది. కిటికీ అద్దాలు కాసేపు అదిరాయి. ఆ చప్పుడు సద్దుమణిగాక ఇటు తిరిగినప్పుడు ఆయన కళ్లలోని ప్రశాంతతను చూసి సునీల గుండె ఉప్పొంగింది. ముడి ఎక్కడుందో ఆయన వేళ్లకు తగిలింది.

"ప్రేమావతి గారూ, ఏడవుతోంది. గుంపును పిలవండి. అయితే సునీల ఫోన్ నుంచి. ఆ రోజు లాగే స్టాండుకు పెట్టి, ముందు కెమెరాతో. వినోద్ గారూ, మీరూ మీ ఫోన్‌లో చేరండి."

ఫోన్ తెర మీద ఒక్కొక్క ముఖమే వెలిగింది. పక్క మీద దిండుకు ఆనుకుని జంగమ్మ కూడా కనిపించింది. ప్రేమావతి, అనంతమ్మ చెరో చివర పట్టుకుని బొంతను ఎత్తారు.

"తారాబాయి గారూ, మీ గడి చూడండి" అన్నాడు రాఘవేందర్.

ఆదిలాబాద్ నుంచి గొంతు గయ్యిమంది. "ఇదేంది? నేను గిట్ల కుట్టలే! సూది ఎడమచేతిల పెట్టిండ్రేంది? పైట గూడ కుడి భుజం మీదికి పోయింది. నేను గట్ల ఎన్నడన్న కట్టుకున్ననా? నన్ను ఎవరో తిప్పేసిండ్రు!"

"అద్దంలో చూసుకుని కుట్టారుగా. పొరపాటు పడ్డారేమో?"

"అద్దం సంగతి నాకు తెల్వదా? చూసుకుంట తిప్పి కుట్టిన."

"మంచిది. అనంతమ్మ గారూ, ఇప్పుడు సునీల ఫోన్ తెర మీద మీ చిలుకను చూడండి. తరువాత వినోద్ ఫోన్‌లో చూడండి."

అనంతమ్మ తల వంచి చూసింది. సునీల ఫోన్‌లో చిలుక కుడివైపు చూస్తోంది. వినోద్ ఫోన్‌లో ఎడమవైపు చూస్తోంది.

"ముందు కెమెరా ఫోన్ పట్టుకున్నవారికి అద్దంలా పనిచేస్తుంది" అన్నాడు రాఘవేందర్. "కుడిని ఎడమగా చూపుతుంది. అవతల చూసేవారికి మాత్రం ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. మంచం మీది బొంతలో చిలుక ఒక్కటే తిరగలేదు. సూది, పైట కూడా తిరిగాయి. అంటే దీనిని అద్దపు బొమ్మ చూసి కుట్టారు. అనంతమ్మ గారికి ఆ అవసరం లేదు, అసలు బొంతే ఆమె ఒడిలో ఉంది. గుంపులోని వారెవరైనా, వినోద్ అయినా, తమ తెర మీది బొమ్మను దాచుకుని కుట్టించి ఉంటే చిలుక సరిగ్గానే ఉండేది. ఫొటో తీయరాదన్న కట్టడి వల్ల దొంగకు ఆ రోజు తెర మీద దొరికిన బొమ్మే ఆధారమైంది. అది అద్దపు బొమ్మగా కనిపించిన ఫోన్ ఒక్కటే."

గదిలో ఎవరూ శిరీష వైపు చూడలేదు. చూడనవసరం లేకపోయింది.

"ప్రేమావతి కూడా ఆ తెర చూసింది" అంది శిరీష.

"చూసింది. కానీ ఇన్ని గడులు, ఇన్ని రంగులు చూసి గుర్తుంచుకోవడం మనిషి వల్ల కాదు. బొమ్మను ఆ ఫోన్‌లోనే పట్టి ఉంచుకోవాలి. ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వరని మీరే చెప్పారు. మీ కుట్టుపనివాళ్లు ఇచ్చిన బొమ్మను ఇచ్చినట్టే కుట్టారు. జరీగుడ్డ తెచ్చిన రోజున అదే తెల్లగుడ్డలో కట్టిన మూటను పెట్టి, అసలు మూటను తీసుకువెళ్లారు. రెంటినీ విప్పి పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు మీకు లేకపోయింది. ఇక మిగిలింది, వినోద్ చేతికి దూదిపింజెలా అనిపించిన పెట్టె. మీరే తెరుస్తారా?"

శిరీష తాళంచెవులు వినోద్ చేతిలో పెట్టి, ముఖం చీరచెంగుతో కప్పుకుంది.

అసలు బొంత మంచం మీదికి వచ్చినప్పుడు సునీల మళ్లీ వంగి చూసింది. ఇంతసేపూ అందమని తాను మెచ్చినది దీని ముందు వెలవెలబోయింది. టాకాలు వానచినుకులు నేలమీద పడ్డట్టు బొంతంతా చిన్నచిన్న గుంటలు వేశాయి; చేను కదులుతున్నట్టుంది; గడప మీది తారాబాయి ఇప్పుడే తల ఎత్తి పలకరించేటట్టుంది. చిలుక కుడివైపు చూస్తోంది. ఫోన్‌లోంచి ఒక్కసారిగా చప్పట్లు వినిపించాయి.

"ఇది మీరే చేశారా అని అక్కడ అందరూ అడుగుతారు" అంది శిరీష, చెంగు తీయకుండానే. "నా దుకాణంలో ఎన్ని అమ్మినా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఒక్కసారి అవునని చెప్పాలనిపించింది."

"నా బొంతను మెచ్చినవు, సంతోషం" అంది అనంతమ్మ. "కావాల్నంటే నీతోని కూసోని నేర్పకపోదునా? గని నకలు బయటపడంగనే నన్ను దొంగను చేస్తివి. గది ఎట్ల మరిచిపోవాలె?"



"పోలీసులకు చెప్పాలా?" అడిగాడు రాఘవేందర్.

అనంతమ్మ ఫోన్ వైపు చూసింది. "జంగమ్మక్కా, నువ్వు చెప్పు. బొంత నీది."

"బొంత దొరికింది గద, నాకు చాలు" అంది జంగమ్మ. "నీ తప్పు లేదని మాత్రం కాయితం మీద రావాలె. నోటిమాట రేపు మారుతది."

సునీల రాసింది. బొంత మార్చినది శిరీషేనని, అనంతమ్మ నిర్దోషి అని, ఆమె కుట్టుకు సాటి లేదని. ఆ చివరి మాట తనంతట తాను చేర్చింది. రాఘవేందర్ చదివి, కొట్టివేయలేదు. శిరీష సంతకం చేసింది. ఆయన సాక్షిగా సంతకం చేసి, కాగితాన్ని తన సంచిలో పెట్టుకోబోయాడు.

"గిటివ్వు బాపు" అంది అనంతమ్మ.

నకలు బొంతకు కూడా ఒక మూల తెరిచే ఉంది. ఆ కట్టడిని మాత్రం శిరీష మరవలేదు. అనంతమ్మ కాగితాన్ని నాలుగు మడతలు చేసి ఆ మూలలోంచి లోపలికి జొనిపింది. సూదికి దారం ఎక్కించి, దగ్గరదగ్గరగా టాకాలు వేసి, ముడి వేసి, మిగిలిన దారాన్ని పంటితో తెంపింది. బొంతను మడిచి ప్రేమావతి చేతికిచ్చింది.

"బీరువాల పెట్టు. దీన్ని మళ్ల విప్పే పని రానియ్యకు అని గా శిరీషకు చెప్పు."

ప్రేమావతి బొంతను అడుగు అరలో పెట్టి తలుపు మూసింది.