పెట్టెలో పట్టునూలు

దసరా సెలవులు ఆ రోజుతో అయిపోయాయి. సాయంత్రానికి సింధూజ గురుకులం గేటు లోపల ఉండాలి. ఉతికిన యూనిఫాం సర్దుదామని రోజారమణి కూతురి ట్రంకుపెట్టె మూత ఎత్తింది. పుస్తకాల్లేవు... పెట్టె నిండా పట్టునూలు!

“నేనే పెట్టిన,” అన్నాడు భర్త దయాకర్, మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండా. “నీ కుడి భుజం లేస్తలేదాయె. ఆసు పొయ్యొద్దని దవాఖానల చెప్పిరి. ఇగ ఎవరు పొయ్యాలె? పిల్ల ఇంట్లనే ఉంటది.”

ఆసు అంటే మేకుల చుట్టూ ఒక్కో పోగూ తిప్పడం. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది అని ఎవరు పెట్టారో గానీ, ఆ ఇంట్లో మొదట అత్త వెంకటనర్సమ్మ భుజం పోయింది, ఇప్పుడు రోజారమణిది.

“నేను పోనమ్మా,” అంది సింధూజ కళ్లు తుడుచుకుంటూ. “నీ చెయ్యి చూస్తే నాకు బువ్వ సయిస్తలేదు. ఎనిమిదితోని ఆపుత.”

ఐదో తరగతిలో వదిలినప్పుడు గేటు ఊచలు పట్టుకుని ఏడ్చిన పిల్ల... నలభై మంది మధ్య ఇనుపమంచం మీద నిద్రపోవడం, తన బట్టలు తానే ఉతుక్కోవడం, జ్వరమొస్తే పక్క మంచం పిల్ల ఇచ్చిన గంజి తాగడం నేర్చుకుంది. అమ్మ ఒడి వదులుకుని తెచ్చుకున్న చదువది! రోజారమణికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఎడమచేత్తోనే నూలంతా తీసి మొగుడి ముందు పెట్టింది.

“నా చెయ్యి పోయిందని నా బిడ్డ చెయ్యి ఇయ్య. ఆసు నువ్వే పొయ్యి.”

“మగోణ్ని ఆసుకాడ కూసోమంటవా? వాడకట్టంత నవ్వుతది.”

“నవ్వనీ.”

ఏనాడూ కోడలి పక్షాన మాట్లాడని వెంకటనర్సమ్మ మెల్లగా గోడ పట్టుకుని లేచింది. “నవ్వెటోళ్లను నా దగ్గరికి తోలు. నా భుజం జూపిస్త. కూసో కొడుకా, నేను నేర్పుత.”

దయాకర్ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తాను అటకెక్కించిన పుస్తకాలు దించి, తానే పెట్టెలో సర్దాడు. సాయంత్రం ఐదు కాకముందే తల్లీకూతుళ్లు గేటు దగ్గర బస్సు దిగారు.

ఆదివారం బడి నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మా, చెయ్యి ఎట్లుంది?”

“మీ నాయిననడుగు. ఇప్పుడు నొస్తున్నది ఆయన చెయ్యే.” రోజారమణి ఫోను తీసుకెళ్లి ఆసు ముందు కూర్చున్న దయాకర్ చెవికి ఆనించింది.

అతను పోగు వదిలి భుజం నిమురుకున్నాడు. “బిడ్డా... మీ అమ్మ ఇన్నేండ్లు గిదెట్ల పోసిందే?” అన్నాడు.