పైకొచ్చేదాకా పొయ్యి వెలగదు

"ఈ బొమ్మకారు నా తమ్ముడి బదులు దిగుద్దేటి?"

వాట్‌గంజ్ బస్తీ వీధిలో, వానలో, మూత తీసిన మ్యాన్‌హోల్ పక్కన నిలబడి అడిగింది రాణి. కాలవల్లో తిరిగే ఆ చిన్న యంత్రం చేసిన జాబేజ్‌ని మొదటిసారి చూసినప్పుడూ ఇదే మాటంది, వెక్కిరింపుగా. ఇవాళ నిజంగానే అడిగింది.

రాణి నాన్న నిరుడు ఇలాంటి గోతిలోకే దిగి, విషవాయువుకి పోయాడు. ఇప్పుడు కాలవ ఎక్కడో పూడుకుపోయి వీధి మునిగింది. మధ్యాహ్నానికల్లా అడ్డు ఎక్కడుందో తేలితే పైనుంచే తవ్వుతారు. తేలకపోతే తమ్ముడు ప్రవీణ్‌ని దింపుతానన్నాడు కాంట్రాక్టర్.

పొద్దున్న జాబేజ్ యంత్రం దిగీ దిగకముందే ఆగిపోయింది. కొక్కెంతో పైకి లాగారు.

"ఏటయింది?"

"దీని మెమొరీ చిన్నది రాణీ. చూసిన మలుపల్లా గుర్తుపెట్టుకోబోయి నిండిపోయింది." అతను ల్యాప్‌టాప్ మీద గొడుగు పట్టుకుని ప్రోగ్రాం మార్చాడు. "ఇకనుంచి వెనక్కొచ్చే దారొక్కటే గుర్తుంచుకుంటది. కొంచెం దూరం ఎల్లి చూస్తది. దొరక్కపోతే మొదటికొచ్చి, ఈసారి ఇంకాస్త దూరం ఎల్తది."

"మళ్ళీ మళ్ళీ అదే దారా? మొద్దుది."

"నాలాగే. మీ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతాను, మర్నాడు మళ్ళీ వస్తాను."

చర్చి వాళ్లబ్బాయని అమ్మ సింహాచలమ్మ అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. రాణికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

యంత్రం దిగింది, వచ్చింది, మళ్ళీ దిగింది. ప్రవీణ్ నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. రాణి ఆ తాడు కొస పట్టుకుని వదల్లేదు.

చివరికి తిరిగొస్తున్న యంత్రం లైటు గోతి అడుగున కనబడింది. జాబేజ్ ఫోన్‌లో ఫొటో పడింది: మూడో గల్లీ కింద కూలిన ఇటుకల గోడ. అంతలో వాననీళ్లు ఉరవడిగా వచ్చిపడ్డాయి. లైటు ఆరిపోయింది.

"నీ మిషన్..." అంది రాణి.

"పోనీలే. దిగింది అదే గదా."

మనుషులు మూడో గల్లీకి తవ్వడానికి పరిగెత్తారు. ప్రవీణ్ తాడు విప్పాడు. రాణి ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చింది.

పొయ్యి చల్లగా ఉంది. మనిషి కాలవలోకి దిగితే, పైకొచ్చేదాకా ఆ పనివాళ్ల ఇళ్ల వరసల్లో ఎవరూ పొయ్యి ముట్టించరు. నాన్న పోయినరోజు నానేసిన బియ్యం మర్నాటిదాకా అలాగే ఉండిపోయింది.

"నీ మిషన్ పైకొచ్చిందా?" అడిగింది సింహాచలమ్మ, గుమ్మంలో ఆగిన జాబేజ్‌ని.

"లేదమ్మా."

"అది రాకుండా పొయ్యెలా ముట్టించేది?" ఆమె కొడుకునీ, అతన్నీ చూసింది. "నువ్వు పైనే ఉన్నావు గదా బాబూ. మావోడూ పైనే ఉన్నాడు."

అగ్గిపుల్ల గీసింది. తడిగాలికి మొదటిది ఆరిపోయింది, రెండోది అంటుకుంది.

"లోపలికి రా. ఈ ఇంటికి అల్లుడొస్తే, కాలవలో దిగనోడే రావాలనుకున్నాను."