ఎర్ర రిబ్బను మేకులు

"కదలకండి! ఆ ఎడమ కాలు కింద పెట్టారంటే ఊరుకోను!"

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఎడమ కాలు గాల్లో, ట్రైపాడ్ భుజం మీద, కొంగలా నిలబడిపోయాను. సర్వేయర్ ఉద్యోగంలో కుక్కలు తరిమాయి, రైతులు తిట్టారు గానీ, ఒంటికాలి మీద నిలబెట్టినవాళ్ళు మాత్రం అప్పటిదాకా లేరు.

"ఏమైందండీ?"

"కింద చూడండి."

"రాళ్ళు."

"గుడ్లు. నాలుగు. తీతువు పిట్టవి."

మరోసారి చూశాను. మచ్చల గులకరాళ్ళలా నాలుగు గుడ్లు. కింద ఒక్క పుల్ల కూడా లేదు.

"గూడేదండీ?"

"అదే గూడు. ఈ పిట్ట ఇల్లు కట్టుకోదు. దానికి స్థలముంటే చాలు."

"అదృష్టవంతురాలు. మా అమ్మకి రెండూ కావాలి."

ఆమెకి నవ్వొచ్చింది. శత్రువు ముందు నవ్వకూడదనుకుందేమో, బైనాక్యులర్స్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండడుగుల దూరంలో ఉన్న నన్ను బైనాక్యులర్స్‌లోంచి చూసింది ఆమె ఒక్కతే.

మేం నిలబడింది మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ స్థలంలో. ముప్ఫై ఎకరాలు. ఊళ్ళో ప్రతి గోడకీ ఇటుకలిచ్చిన ఆ నేల మీద పదిహేనేళ్ళుగా ఒక్క గోడ కూడా లేదు. గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది, మట్టి తవ్విన గుంటలు చెరువులయ్యాయి, పిట్టలు చేరాయి. అక్కడ మూడొందల ఇళ్ళు కట్టాలని ఇళ్ళ సంఘం. దాని మానాన దాన్ని వదిలేసి అడవి కానివ్వాలని బీడు సంఘం. ఇళ్ళ సంఘం అధ్యక్షుడికి ఇంటి చుట్టూ ఎకరం తోట ఉంది. బీడు సంఘం అధ్యక్షుడు మూడంతస్తుల మేడ కట్టుకుని, నాలుగో అంతస్తుకి పర్మిషన్ అడుగుతున్నాడు. ఇళ్ళ లెక్క నాకు, పిట్టల లెక్క ఆమెకి అప్పగించి ఇద్దరూ మీటింగుల్లో అరుచుకునేవారు.

మా అమ్మ మాత్రం ఏ మీటింగుకీ వెళ్ళలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారింది. గోడకి మేకు కొట్టకూడదని తొమ్మిది మంది ఓనర్లూ ఒకటే మాట. అందుకే మా ఇంట్లో నాన్న ఫోటో కుర్చీలో కూర్చుని ఉంటుంది. చుట్టాలొస్తే ఫోటోని లేపి కుర్చీ వేస్తాం. ఆ స్థలంలో కట్టబోయే ఇళ్ళకి సంఘం ముందే వేసిన లాటరీలో, కాలువ పక్క మొదటి వరసలో ఎనిమిదో నంబరు ఇల్లు అమ్మకి తగిలింది. ఆ రోజే సుత్తి కొని దిండు పక్కన పెట్టుకుంది.

"ఏ గోడకి కొడతావమ్మా?"

"ముందు గోడ కట్టనియ్యరా. కొట్టడం నాకొచ్చు."

ఇరవై రోజులు ఆమె, నేను ఒకే బీడులో తిరిగాం. హద్దు దొరికిన చోటల్లా నేను చెక్క మేకు పాతి ఎర్ర రిబ్బను కట్టేవాణ్ణి. గూడు దొరికిన చోటల్లా ఆమె నాలుగడుగుల దూరంలో చెక్క మేకు పాతి ఎర్ర రిబ్బను కట్టేది. ఊళ్ళో హార్డ్‌వేర్ షాపు ఒక్కటే. అందులో రిబ్బన్లు రెండే రంగులు, ఎరుపూ నీలమూ. ఎరుపు బాగా కనిపిస్తుందని ఇద్దరం ఎవరికి వాళ్ళం తెలివిగా ఆలోచించాం.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. నా దగ్గరున్నది ఒక్క గొడుగు, అది కూడా కొలతల మెషీన్ కోసం.

"రండి, తడిసిపోతారు," అన్నాను.

వచ్చింది. మధ్యలో మెషీన్, అటు ఆమె, ఇటు నేను. ఇద్దరం సగం సగం తడిశాం. మెషీన్‌కి చుక్క పడలేదు.

"దీని బదులు మీరు మధ్యలో నిలబడొచ్చుగా," అంది.

"ఇది ఆఫీసు సొత్తండీ. నేను తడిస్తే ఎవరూ సంతకం అడగరు."

"నేను అడుగుతా," అంది నెమ్మదిగా. నేను విననట్టు నటించాను. అది నటనని ఆమెకి తెలిసిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు కొలతలు తీస్తుంటే అంకెలు రెండుసార్లు రాసుకోవాల్సొచ్చింది.

తర్వాత బయటపడ్డ తప్పు ఎలా జరిగిందో తెలియాలంటే ఆ మూడు రోజుల్లోనే వెతకాలి.

స్థలం ఎవరికో తేల్చే కౌన్సిల్ విచారణ శనివారం సాయంత్రం. శనివారం పొద్దున ప్లాను చివరిసారి సరిచూద్దామని కాలువ దగ్గరికెళ్ళాను. కాలువకి ముప్ఫై మీటర్ల లోపల ఇల్లు కట్టకూడదని రూలు. మొదటి వరసంతా ఏ మేకు నుంచి కొలిచానో దాని దగ్గర కూర్చుని, రిబ్బను పక్కకి జరిపాను. చెక్క మీద చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు: గూడు 17.

అది నా మేకు కాదు. నాది అక్కడికి పన్నెండు మీటర్ల అవతల, కాలువకి దూరంగా గడ్డిలో బుద్ధిగా నిలబడి ఉంది. అంటే మొదటి వరస ఎనిమిది ఇళ్ళూ రూలు దాటి పన్నెండు మీటర్లు కాలువ వైపు జరిగాయి. వెనక్కి జరపడానికి చోటు లేదు. వాటిలో చివరిది మా అమ్మది.

ఈ సంగతి నాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే అమ్మకి గోడ వస్తుంది. నోరు విప్పితే సుత్తి దిండు పక్కనే ఉండిపోతుంది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ దిండు పక్కనున్న సుత్తి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ గోడకి మేకు కొడితే నిలుస్తుందంటావా?" అంది.

"నిలవదమ్మా."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

కౌన్సిల్ హాలు కిక్కిరిసిపోయింది. విచారణ నడిపే అధ్యక్షురాలు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. ముప్ఫైకి మించి గూళ్ళుంటే స్థలమంతా బీడుగానే ఉంచాలని చట్టం. నలభై ఒకటున్నాయని పిట్టలు లెక్కపెట్టిన ఆమె రిపోర్టు. బీడు సంఘం అప్పటికే చప్పట్లు మొదలుపెట్టింది.

"ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నారు అధ్యక్షురాలు.

నేను లేచాను. హాలు అవతలి వైపు ఆమె కూడా లేచింది.

"నా ప్లాను తప్పండీ," అన్నాను.

"నా లెక్క తప్పు మేడమ్," అంది ఆమె అదే క్షణంలో.

హాలంతా నోళ్ళు తెరిచింది. పిట్టలు బెదురుతాయని చివరి లెక్క గట్టు మీంచి బైనాక్యులర్స్‌తో రిబ్బన్లు చూసి వేసిందట. ఆ పొద్దునే అనుమానమొచ్చి అటు చివరి నుంచి ఒక్కొక్క మేకూ చూసుకుంటూ వచ్చిందట. నలభై ఒకటిలో పంతొమ్మిది నావి. నా మేకుల పక్కన గుడ్లు లేవు. గూళ్ళు ఇరవై రెండే. గూడు 17 మేకు సంగతి నేనూ చెప్పాను.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. నలభై ఏళ్ళు పిల్లల కాపీలు పట్టుకున్న చూపది.

"నువ్వు పిట్ట గూట్లోంచి ఇల్లు కొలిచావు. నువ్వు ఇంటి హద్దుని గూడని రాశావు. అంతేనా?"

తలలూపాం.

"ఇద్దరూ కలిసి మళ్ళీ కొలవండి, మళ్ళీ లెక్కపెట్టండి. మూడు వారాలు టైము. ముందు మీలో ఒకళ్ళు ఆ రిబ్బను రంగు మార్చి చావండి!"

ఆ రోజు రెండు సంఘాలవాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం ఒక్కటే, మేమిద్దరం దేనికీ పనికిరామని.

సోమవారం పొద్దున బీడులోకి వెళ్ళాను. ఆమె అప్పటికే వచ్చింది. పనిలో ఆమెకి ఇబ్బంది ఎందుకని, నేనే తగ్గి నీలం రిబ్బను తెచ్చాను. సంచిలోంచి తీసి గర్వంగా చూపించాను.

ఆమె మొహం పాలిపోయింది. తన సంచిలోంచి ఒక చుట్ట తీసింది. నీలం.

"మీకెందుకు ఇబ్బందని..." అంది.

కాసేపు ఇద్దరం రెండు నీలం చుట్టలు పట్టుకుని నిలబడ్డాం. ముందు ఎవరు నవ్వామో గుర్తులేదు గానీ, పక్కన తీతువు పిట్ట లేచి తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

"ఎవరో ఒకళ్ళం మళ్ళీ ఎరుపుకి వెళ్ళాలి," అన్నాను.

"నేను వెళ్తాను."

"వద్దు, నేను."

"ఇలా అయితే మూడు వారాలు చాలవు."

"మూడు వారాలు నాకెలాగూ చాలవు," అన్నాను. "మీరంటే నాకిష్టం. కొలిచి చెప్పడం రాదు."

"మీ కొలతలు నేను నమ్మను," అంది ఆమె. "ఇష్టాన్ని నమ్ముతా. నాక్కూడా అంతే."

రంగు మాట ఆమే తేల్చింది. షాపుకెళ్ళి ఎరుపు తెచ్చుకుంది.

తీర్పు ఎవరికీ నచ్చలేదు కాబట్టి సరైనదే అయుండాలి. కాలువ పక్క పదిహేను ఎకరాలు పిట్టలకీ గడ్డికీ వదిలేశారు. పాత బట్టీల వైపు గట్టినేల మీద నూట యాభై ఇళ్ళు. లాటరీ మళ్ళీ వేశారు. అమ్మకి చివరి వరసలో వచ్చింది. కిటికీ తెరిస్తే బీడే.

పునాదికి ముగ్గు పోయించే రోజు హద్దు వేయడానికి నేను మేకు తీశాను. అమ్మ చేతిలోంచి సుత్తి వదల్లేదు.

"నువ్వు పక్కకి జరుగు. అమ్మాయ్, నువ్వు పట్టుకో, వీడి చెయ్యి వణుకుతుంది."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మేకు నిటారుగా పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆపుకున్న దెబ్బ అమ్మ ఒక్కసారిగా వేసింది. మేకు సగం దిగిపోయింది.

"వేళ్ళు జాగ్రత్త అత్తయ్యా," అంది ఆమె. అనేసి నాలిక కరుచుకుంది.

అమ్మ సుత్తి దించి ఆమెని చూసింది, నన్ను చూసింది.

"గోడ లేచాక ఆ కుర్చీ ఖాళీయేరా," అంది నాతో. "మీ నాన్న గోడెక్కుతారు. ఆ పిల్లకి కూర్చోడానికి చోటు కావాలిగా."

రెండో దెబ్బకి మేకు పూర్తిగా దిగింది.