ఆరు గాట్ల బ్రేకు

ఓటకర్‌ని చంపిన గుండు ఏ తుపాకీలోంచి వచ్చిందో గూఢచార సంస్థకి ఇప్పటికీ తెలియదు. ఏజెంట్ హార్లన్ టీగ్‌కి తెలుసు. ఆ తుపాకీ గొట్టం చివర, పేలినప్పుడు తన్ను తగ్గించే మజిల్ బ్రేకు బిగించింది అతనే.

పోయిన నవంబరు సంగతి. మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పుల వేట సీజను. ప్రేగ్ నుంచి పారిపోయి వచ్చి మారుపేరుతో బతుకుతున్న కోడ్ నిపుణుడు ఓటకర్, కట్టెలు కొడుతూ కొడుతూ కూలిపోయాడు. వేటలో ప్రమాదమని రాసుకుని షెరీఫ్ చేతులు దులుపుకున్నాడు. ఓటకర్‌ని కాపాడడానికే ఆ ఊళ్లో తుపాకులు బాగుచేసేవాడి వేషంలో కూర్చున్న హార్లన్ మాత్రం ఎదురుగుట్ట ఎక్కి చూశాడు. మంచు మీద, బ్రేకు గాట్లలోంచి చిమ్మిన మసి. ఎడమ పక్క మూడు చారలు, కుడి పక్క మూడు, వెనక్కి కాస్త వాలుగా. బ్రేకుకి అలా వాలుగాట్లు కోసేవాడు ఆ జిల్లా మొత్తానికి ఒక్కడే, తను.

అంతకు పదిరోజుల ముందు, పళ్ల డాక్టరునని చెప్పుకున్న ఒక మర్యాదస్తుడు పొడుగు గొట్టం వేట పిస్తోలు తెచ్చాడు. "మా ఆవిడ వేటకి వస్తానంటోందండీ. దీని తన్నుకి ఆవిడ మణికట్టు ఆగదు," అన్నాడు. హార్లన్ ముచ్చటపడి మరీ చేసిచ్చాడు. ఆ ముక్క రిపోర్టులో రాయలేదు. ముందు సిగ్గు, తర్వాత భయం. అప్పట్నుంచి షాపులో స్టవ్ పక్క కుర్చీలో ఓటకర్ వచ్చి కూర్చుంటున్నాడు. ఏమీ అనడు. బతికున్నప్పటిలాగే పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతాడు. ఏమైనా అంటే బాగుండునని హార్లన్‌కి ఉంటుంది.

ఈ ఏడాది మళ్లీ సీజను. బాస్ ప్రూయిట్ ఫోన్.

"రేపు పొద్దున రెన్ వస్తుంది. ఓటకర్ వెంటపడ్డ ముఠాలో మన మనిషి. ఓటకర్ తమ్ముణ్ణి లేపెయ్యడానికి షూటరు దిగుతున్నాడట. ఎవడో ఆమె చూపిస్తుంది. అడిగింది చేసిపెట్టు."

ఓటకర్ తమ్ముడు మిరెక్, ఆర్విల్ స్టెన్స్‌రుడ్ అనే గైడు నడిపే వేట క్యాంపులో వంటవాడు.

"వాణ్ణి అక్కణ్ణించి తప్పిద్దాం బాస్."

"తప్పిస్తే ముఠా మొత్తం జారుకుంటుంది. ఎర లేకుండా చేప పడుతుందటయ్యా?"

మర్నాడు ఆమె వచ్చింది. రెన్ అన్నది కోడ్ పేరు, అసలు పేరు లెనోరా వాన్స్. నక్కబొచ్చు కాలరు, గ్రీజు వాసన తప్ప ఎరగని ఆ షాపుని ముంచెత్తిన సెంటు.

"ఈసారి మంచు తొందరపడింది."

"దుప్పులకి లేని తొందర మనకెందుకు?"

కోడ్ సరిపోయింది. ఆమె పెట్టె తెరిచింది. అందులో పొడుగు గొట్టం వేట పిస్తోలు. గొట్టం చివర బ్రేకు బిగించే మరని హార్లన్ వేలితో తడిమాడు. ఆ మర తను కోసిందే. కుర్చీలో గింజల చప్పుడు ఆగిపోయింది.

"షూటరుది," అంది లెనోరా. "బ్రేకు పెట్టించి క్యాంపుకి తెమ్మన్నారు. కాదంటే నన్ను అనుమానిస్తారు."

"పాత బ్రేకు?"

"ఏ నదిలోనో ఉంటుంది."

పౌడరు కింద ఆమె నొసటి మీద చిన్న మచ్చ. చేతిలో పిస్తోలు ఎగిరి కొట్టినవాళ్లకే అలాంటిది ఉంటుంది. ఆమె పిస్తోలు పట్టుకుంది. పిడి చేతిలో కుదురుగా ఒదిగిపోయింది. పళ్ల డాక్టరు భార్య ఇన్నాళ్లకి షాపుకొచ్చిందన్నమాట.

హార్లన్ వెనకగదిలోకి పోయి ఫోన్ అందుకున్నాడు. "బాస్, షూటరు ఆమే."

"ఆధారం?"

ఆధారం చెప్పాలంటే పోయిన ఏడాది దాచింది చెప్పాలి. "నొసటి మీద మచ్చ," అన్నాడు.

"మా అత్తగారికీ ఉంది. నీకు మళ్లీ దయ్యాలు కనిపిస్తున్నాయా?" లైను తెగిపోయింది.

సంస్థ మనిషి మీద చెయ్యి వేస్తే తనే ద్రోహి అవుతాడు. తుపాకీ చెడగొడితే పరీక్షలోనే దొరికిపోతాడు. ఇక మిగిలింది చేతిపని ఒక్కటే. బల్ల మీద గుడ్డ పరిచి మూడు బ్రేకులు పెట్టాడు.

"ఇది చుట్టూ చిల్లులది. తేలిక, కానీ పడుకుని పేలిస్తే మంచు లేచి కళ్లు కప్పేస్తుంది. ఇది పైన మాత్రమే చిల్లులున్నది. గొట్టం ఎగరదు గానీ తన్ను అట్లాగే ఉంటుంది. ఇది పెద్దది, ఆరుగాట్లది. సగానికి సగం తన్ను మింగేస్తుంది."

"అంత బరువెందుకు? చిన్నది చాలు."

"షూటరు మణికట్టు ఎలాంటిదో మనకేం తెలుసు? మీరే పేల్చి చూడండి."

ఈసారి ఏది ఇస్తావని కుర్చీలోంచి ఓటకర్ చూస్తున్నట్టనిపించింది. హార్లన్ తలెత్తలేదు.

షాపు వెనక రెండువందల అడుగుల్లో, ఆరుగాట్లదానితో ఆమె పేల్చిన మూడు గుండ్లూ ఒకదాన్నొకటి ఆనుకుని దిగాయి. గురి సరిచేసుకుని, ఆరుగాట్లదే తీసుకుని ఆమె వెళ్లిపోయింది. వెంటనే హార్లన్ ఆర్విల్‌కి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీ క్యాంపుకొచ్చే అమ్మగారి పిస్తోలుకి పెద్ద బ్రేకుందిరా."

"నా పక్కన కూర్చుని బ్రేకు పేలుస్తుందా? దాని చప్పుడంతా పక్కవాడి చెవుల్లోకే. ఇదివరకు ఒకడు పేల్చిన దెబ్బకి కుడిచెవి పోయింది. మిగిలినదాంతోనే మా ఆవిడ తిట్లు వింటున్నా. పీకించేస్తా."

"పీకించాక గురి మళ్లీ చూసుకుంటానంటే?"

"క్యాంపులో ఊరికే పేలిస్తే దుప్పులు రాష్ట్రం దాటి ఐడహో పారిపోవూ? కుదరదు."

బ్రేకు తీస్తే గొట్టం ఎగురుతుంది, గుండు పైకి పోతుంది. అది ఆ కొండల్లో వేటాడే ప్రతివాడికీ తెలుసు. ఎంత పైకి పోతుందన్నది మాత్రం దేవుడికే తెలియాలి. తల మీదుగా పోతే మిరెక్ బతుకుతాడు. జానెడే పోతే గుండెకి బదులు గొంతులో దిగుతుంది. అన్న చావు తన చేతిమీదుగా జరిగింది. తమ్ముడిది కూడా జరిగితే తను మనిషిగా మిగలడని హార్లన్‌కి తెలుసు.

తెల్లవారేసరికి అతను క్యాంపు పైన పొదలో ఉన్నాడు. ఫ్లాస్కు మూతలోని రేడియోలో బాస్ గుసగుసలాడాడు.

"అక్కడేం చేస్తున్నావయ్యా? షూటరు ఇంకా రానేలేదు!"

ముప్పై అడుగుల కింద ఆర్విల్, లెనోరా బోర్లా పడుకుని ఉన్నారు. దిగువన వాగు దగ్గరికి మిరెక్ బకెట్‌తో నడిచొస్తున్నాడు. దుప్పికి గురిపెట్టాను, పొరపాటున తగిలింది. రేపు ఆమె చెప్పబోయేది అదే.

"ఆ గొట్టంముక్క తీసెయ్యండి మేడమ్," అన్నాడు ఆర్విల్. "నా క్యాంపు రూలు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. లేదంటే తుపాకీ లోపల పెట్టండి."

ఆమె ఒక్కక్షణం తటపటాయించి, నవ్వి, బ్రేకు విప్పి జేబులో వేసుకుంది. పిస్తోలు వాగువైపు తిరిగింది. హార్లన్ లేచి పరిగెత్తాడు.

పేలింది. గొట్టం ఎగిరి ఆమె నుదుటిని చీల్చింది. దిగువన మిరెక్ నేలమీద పడ్డాడు, బకెట్ దొర్లిపోయింది. అయిపోయింది అనుకున్నాడు హార్లన్.

అప్పుడు మిరెక్ మోకాళ్ల మీద లేచి, చెక్ భాషలో ఎవరి అమ్మనో గట్టిగా తిట్టాడు. అతని తలకి జానెడు పైన విల్లో చెట్టు కొమ్మ విరిగి వేలాడుతోంది.

కళ్లలోకి రక్తం కారుతున్నా లెనోరా రెండో గుండు తోస్తోంది. హార్లన్ ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు.

"మీ ఆయన ముందే చెప్పాడండీ, ఈ మణికట్టు ఆగదని."

ఆమె మొహంలో రంగు పోయింది.

"మన మనిషి గురి ఎందుకు తప్పిందని రాయనయ్యా?" రేడియోలో బాస్ ఏడుపుగొంతు.

"క్యాంపు రూలు పాటించిందని రాయండి. పోయిన ఏడాది రిపోర్టులో నేను మింగిన ముక్క ఒకటుంది, అదీ రాసుకోండి." పళ్ల డాక్టరు కథ మొత్తం చెప్పాడు. ఆ డాక్టరు మొహం గుర్తుందా అని మాత్రం బాస్ అడిగాడు. గుర్తుంది. ఆ ఆనవాళ్లతో సాయంత్రానికి ముఠా మొత్తం దొరికింది.

కానీ అంతకు ముందే, ఆ పొద్దునే, హార్లన్ వంట టెంటులోకి వెళ్లాడు. మిరెక్ పాన్‌కేకులు తిప్పుతున్నాడు.

"ఆ తుపాకీకి బ్రేకు బిగించింది నేనే. పోయిన ఏడాది కూడా నేనే."

పెనం మీద పాన్‌కేకు మాడిపోయింది. మిరెక్ దాన్ని తీసి పారేసి, కొత్త పిండి పోశాడు.

"అన్నయ్య వెంటనే పోయాడా?"

"వెంటనే."

"కూర్చో. తిను. ఆకలిగా ఉన్నవాణ్ణి తిట్టడం మా ఇంట్లో లేదు."

హార్లన్ పదకొండు తిన్నాడు. కడుపు ఎప్పుడో నిండింది. ఆపితే తర్వాతిదేమిటో తెలుసు కాబట్టి తింటూనే ఉన్నాడు. చివరికి పిండి అయిపోయింది. మిరెక్ పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ."